రెండు నిమిషాల మెట్లు

హైటెక్ సిటీ స్టేషన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఎస్కలేటరు, అద్దాల తలుపులు, చల్లటి ఏసీ, మూడు నాలుగు నిమిషాలకో రైలు. అదైతే మెట్రో. 2019 మార్చిలో వచ్చింది. నేను చెప్పబోయేది దాని పెద్దక్క సంగతి. అదే పేరుతో అంతకు చాలా ముందు నుంచే ఉన్న ఎంఎంటీఎస్ స్టేషన్. బోరబండకీ హఫీజ్‌పేటకీ మధ్య ఉంటుంది. పేరులో తప్ప దాంట్లో పెద్దగా హైటెక్ ఏమీ ఉండదు. ప్లాట్‌ఫాంలు, వాటి మీద రేకుల నీడ, కూర్చోడానికి బెంచీలు, అటూ ఇటూ దాటడానికి ఒక మెట్ల వంతెన. బయటికొస్తే షేర్ ఆటోలు. పేరు చూసి ‘దిగగానే ఆఫీసు’ అనుకుని వచ్చినవాళ్లు సైబర్ టవర్స్ చేరాలంటే మళ్లీ ఆటో ఎక్కాల్సిందే.

ఆ మెట్ల వంతెన గురించే ఈ వారం కాలమ్. ఎక్కి, నడిచి, దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకుందామనుకుని ఒక సాయంత్రం నేనేం చేశానో, ఎవరు నన్ను ఆపారో, ఆ మనిషి పేరు నాకు ఇప్పటికీ ఎందుకు తెలియదో చెప్తాను.

లేడీస్ డబ్బాలో మా ఊరు

మాది జనగామ. 2018లో ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి సీతాఫల్‌మండిలో మా పిన్ని వాళ్లింట్లో ఉండేదాన్ని. జీతం తక్కువ. ఆఫీసేమో నగరానికి ఆ చివర. బస్సులో వెళ్తే ట్రాఫిక్‌లోనే తెల్లారిపోతుంది. క్యాబ్ సంగతి చెప్పక్కర్లేదు, నెలాఖరుకి జీతమంతా దానికే. మా బాబాయి ఒక్క మాటన్నాడు: “ఎంఎంటీఎస్ పాస్ తీస్కో. గంతే.”

మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్ అని దాని పూర్తి పేరు. ఆ పేరుతో పిలిచేవాళ్లని నేనైతే ఇంతవరకు చూడలేదు. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని అద్వానీ దీన్ని ప్రారంభించారు. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి డబ్బులు పెట్టాయి. కొత్త పట్టాలు వేసి కట్టిన మెట్రోలాంటిది కాదిది. అప్పటికే ఉన్న రైల్వే లైన్ల మీదే లోకల్ బండ్లు తిప్పడం, మధ్యలో చిన్న చిన్న స్టేషన్లు కట్టడం. అందుకే టికెట్టు అంత చవక. కనీస చార్జీ అయిదు రూపాయలు. మన వీధి చివర హోటల్లో అయిదు రూపాయలకి సగం టీ కూడా రావట్లేదిప్పుడు.

ఇక్కడొక విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పాత లైన్లే కాబట్టి ఈ పట్టాల మీద మన లోకల్ ఒక్కటే తిరగదు. ముంబై వైపు, వికారాబాద్ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు కూడా ఇటే పోతాయి. అవి చాలావరకు హైటెక్ సిటీలో ఆగవు. ఆగాల్సిన పని లేదు కాబట్టి ఊపు మీద దూసుకుపోతాయి.

ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి వెళ్లే బండి నాది. దాన్ని మేం ‘ఎఫ్ఎల్’ అనేవాళ్లం. తిరుగు బండి ‘ఎల్ఎఫ్’. సీతాఫల్‌మండిలో ఎక్కితే సికింద్రాబాద్, జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్క్, బేగంపేట... అలా వెళ్లి వెళ్లి నేచర్ క్యూర్ హాస్పిటల్, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ దాటాక నా స్టేషన్. సంజీవయ్య పార్క్ దగ్గర కిటికీలోంచి హుస్సేన్‌సాగర్ కనపడితే ఆ రోజు బాగుంటుందని నాకో పిచ్చి నమ్మకం ఉండేది.

లేడీస్ డబ్బా అంటే ఒక చిన్న ఊరు. పాతబస్తీ నుంచి వచ్చే బుర్ఖా అక్కలు, నైట్ డ్యూటీ చేసి కళ్లు మూసుకుని కూర్చున్న నర్సులు, పుస్తకం తెరిచి ఫోన్ చూసే కాలేజీ పిల్లలు, అపార్ట్‌మెంట్లలో వంట పనికి వెళ్లే ఆంటీలు, మెడలో ఐడీ కార్డు వేసుకున్న నాలాంటివాళ్లు. ఎవరి సీటు ఎవరిదో ఎవరూ రాసిపెట్టరు. కానీ అందరికీ తెలుసు. తలుపు దగ్గర రెండో సీటు మాత్రం ఒక పెద్దమ్మది. యాకుత్‌పురాలో ఎక్కేది. నూలు చీర, మెడలో నల్లపూసలు, ఒళ్లో స్టీలు సద్ది డబ్బా. హైటెక్ సిటీలోనే దిగేది. ఏదో పెద్ద బిల్డింగులో హౌస్‌కీపింగ్ పని. పక్కన కూర్చున్న బుర్ఖా అక్కతో హిందీలో, ఎదురుగా ఉన్నావిడతో తెలుగులో, ఒకే ఊపిరిలో మాట్లాడేది. ఏడాదిపాటు రోజూ ఆవిడని చూశాను. ఒక్కసారి కూడా పలకరించలేదు. నా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉండేవి మరి.

ఆ సాయంత్రం

2019 జులై. వాన పడి అప్పుడే వెలిసింది. షేర్ ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుని, స్టేషన్‌కి వచ్చేసరికి ఆలస్యం అయిపోయింది. నేను వచ్చే వైపు ప్లాట్‌ఫాం ఒకటి, నా బండి వచ్చేది అవతలి ప్లాట్‌ఫాం మీదికి. హఫీజ్‌పేట వైపు చూస్తే దూరంగా లైటు. నా ఎల్ఎఫ్ వచ్చేస్తోంది. అది పోతే మళ్లీ బండి ఎప్పుడో.

మెట్లెక్కితే రెండు నిమిషాలు. పట్టాలు దాటితే పది సెకన్లు.

మీలో ఎంతమంది ఈ లెక్క వేసుంటారో నాకు తెలుసు. అందరూ వేసేదే. నా ముందే ఇద్దరు అబ్బాయిలు దిగి దాటేశారు, చూస్తుండగానే అవతల ప్లాట్‌ఫాం ఎక్కేశారు కూడా. ఇంకేం కావాలి ధైర్యానికి? చెవుల్లో పాట అలాగే మోగుతోంది. బ్యాగు భుజాన సర్దుకుని ప్లాట్‌ఫాం అంచున కూర్చున్నాను. ఒక కాలు కిందికి వేలాడేశాను. నా చూపంతా హఫీజ్‌పేట వైపు లైటు మీదే. అది ఇంకా దూరంగానే ఉంది. బోలెడు టైముంది.

సరిగ్గా అప్పుడు ఎవరో నా బ్యాగు పట్టీ పట్టుకుని వెనక్కి ఒక్క గుంజు గుంజారు. వెల్లకిలా పడ్డాను. ఒక ఇయర్‌ఫోన్ ఊడిపోయింది. కాలి చెప్పు జారి పట్టాల మీద పడింది. దొంగ అనుకున్నాను ముందు. బ్యాగు గట్టిగా పట్టుకుని “వదులు, వదులు” అని అరిచాను. చూస్తే సద్ది డబ్బా పెద్దమ్మ.

“లెవ్వకు! గట్లనే పండుకో!”

మాట పూర్తయ్యేలోపు మా ముందు నుంచి ఎక్స్‌ప్రెస్ పోయింది. బోరబండ వైపు నుంచి. నేను ఒక్కసారి కూడా చూడని వైపు నుంచి. దాని గాలికి నా చున్నీ మొహం మీద కప్పుకుపోయింది. ఎన్ని డబ్బాలో లెక్కపెట్టలేదు. ఎంతసేపు పోయిందో తెలియదు. వినపడిన చప్పుడు మాత్రం నా చెవిలో మోగుతున్న రెండో ఇయర్‌ఫోన్‌లో పాట. అది ఇంకా నడుస్తూనే ఉంది.

బండి పోయాక చూస్తే కంకర మీద నా చెప్పు అలాగే ఉంది, చెక్కుచెదరలేదు. తెచ్చుకుందామని లేచాను. పిచ్చి అనుకోండి, అలవాటు అనుకోండి. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“మల్లా దిగుతవా? చెప్పులు రెండు వందలకొస్తయి.”

ఈలోపు నా ఎల్ఎఫ్ వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. నేను ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తిగా, ఆ మెట్ల వంతెన ఎక్కాను. తడి సిమెంటు చల్లగా తగిలింది. పెద్దమ్మ నా మణికట్టు వదల్లేదు. అవతల బెంచీ మీద కూర్చోబెట్టి డబ్బా తీసింది. మధ్యాహ్నం తినగా మిగిలిన శనగ గుడాలు. ఉల్లిగడ్డ ముక్కలు వేసి ఉన్నాయి. నా చేతులు వణుకుతుంటే చూసి తనే నా అరచేతిలో పోసింది.

“బండి పోయింది గదా, ఏమైంది? అరగంట కూసుంటున్నం. గంతే గదా. అరగంట కూసోనీకి నీకేం నొప్పి పిల్లా?”

నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికీ నా దగ్గర దానికి జవాబు లేదు.

నా కళ్లు నన్నెందుకు మోసం చేశాయి?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ‘రెండు వైపులా చూడటం’ అనేది మూడో తరగతిలో నేర్చుకున్న విషయం. నాకెందుకు గుర్తు రాలేదు? ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను. అప్పుడూ ఆ తర్వాతా తెలుసుకున్నవి కొన్ని ఇక్కడ చెప్తాను. ఎందుకంటే ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం కాదు.

మొదటిది, లెక్క. గంటకి 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 25 మీటర్లు. మనం ‘పది సెకన్లే కదా’ అనుకునే టైములో బండి పావు కిలోమీటరు వచ్చేస్తుంది. డ్రైవరు మనల్ని చూసి బ్రేకు వేసినా, అన్ని డబ్బాల బరువు ఆగడానికి కొన్ని వందల మీటర్లు కావాలి. బైకులా సడన్ బ్రేకు, పక్కకి తిప్పడం ఏమీ ఉండవు. అంటే చూసినా ఆయన చేయగలిగింది హారన్ కొట్టడం, కళ్లు మూసుకోవడం.

రెండోది, కళ్లు. పెద్ద వస్తువులు అసలు వేగం కంటే నెమ్మదిగా వస్తున్నట్టు మనకి కనపడతాయి. ఆకాశంలో విమానం చూడండి, పాకుతున్నట్టుంటుంది. ఎదురుగా వచ్చే రైలు కూడా అంతే. పక్క నుంచి చూస్తే వేగం తెలుస్తుంది, ఎదురు నుంచి చూస్తే లైటు ఒకటే కనపడుతుంది. అది పెద్దదవుతోందని మెదడుకి అర్థమయ్యేసరికి దగ్గరికి వచ్చేస్తుంది.

మూడోది, చెవులు. కరెంటు బండి చప్పుడు ముందు వైపుకి తక్కువ వినపడుతుంది. దానికి తోడు ఇయర్‌ఫోన్స్ ఉంటే ఇక చెప్పేదేముంది?

నాలుగోది, రెండో బండి. మనం ఎక్కాల్సిన బండి మీదే మనసంతా ఉంటుంది. దాన్ని చూస్తూ, పక్క పట్టా మీద వచ్చేదాన్ని మర్చిపోతాం. నాకు జరిగింది అచ్చంగా ఇదే.

రైల్వే భద్రత మీద అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన వేసిన కమిటీ 2012లో నివేదిక ఇచ్చింది. పట్టాలు దాటుతూ దేశంలో ఏటా దాదాపు 15,000 మంది చనిపోతున్నారని అందులో ఉంది. వాళ్లలో సుమారు 6,000 మంది ఒక్క ముంబై లోకల్ లైన్లలోనే. ఆ అంకె చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. దాంట్లో ఎంతమంది ‘రెండు నిమిషాలు మిగులుతాయి కదా’ అనుకునుంటారు?

ముంబైలోనే 2010 ప్రాంతంలో వడాలా స్టేషన్ దగ్గర ఒక ప్రయోగం చేశారు. ఫైనల్ మైల్ అనే సంస్థ, రైల్వే వాళ్లు కలిసి. అది నాకు భలే నచ్చింది. ‘పట్టాలు దాటరాదు’ అని ఇంకో బోర్డు పెట్టలేదు వాళ్లు. పట్టాల కింద ఉండే స్లీపర్లకి కొన్నింటికి పసుపు రంగు వేశారు. బండి ఆ పసుపు గీతల్ని ఎంత త్వరగా మింగేస్తోందో చూస్తే దాని వేగం కంటికి తెలుస్తుంది. ఒక పొడవాటి హారన్ బదులు రెండు పొట్టి హారన్లు కొట్టించారు, మధ్యలో నిశ్శబ్దం వస్తే మనిషి తల తిప్పి చూస్తాడని. ఇంకా, బండి కింద పడబోతున్న మనిషి మొహంలో భయం కనపడేలా ఫోటోలు పెట్టారు. మనిషికి రూల్ చెప్తే వినడు, భయం చూపిస్తే ఆగుతాడు అన్నమాట.

రూల్ కూడా ఉంది లెండి. 1989 రైల్వే చట్టం సెక్షన్ 147. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ నిజం చెప్పండి, ఆ సెక్షన్ గుర్తొచ్చి ఆగినవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఒక్కరైనా ఉన్నారా? నన్ను ఆపింది చట్టం కాదు. ఒక చెయ్యి.

ఫోన్ జప్తు

మర్నాడు పొద్దున లేడీస్ డబ్బా ఎక్కగానే పెద్దమ్మ తన పక్కన సీటు మీద చెయ్యి వేసి ఆపి ఉంచింది. కూర్చున్నాను. ఇయర్‌ఫోన్స్ బ్యాగులోనే ఉన్నాయి.

సాయంత్రం స్టేషన్‌కి వస్తే మెట్ల మొదట్లో నిలబడి ఉంది. చెయ్యి చాచింది.

“ఫోన్ ఇటియ్.”

“ఎందుకు పెద్దమ్మా?”

“బ్రిడ్జి దిగినంక ఇస్త.”

ఇచ్చాను. దాన్ని కొంగులో చుట్టి నడుములో దోపుకుంది. అవతల మెట్లు దిగాక తీసి ఇచ్చింది. ఆ రోజు నుంచి అదే పద్ధతి. మా షిఫ్టులు కలిసిన రోజల్లా మెట్ల దగ్గర నా ఫోన్ జప్తు. ఆఫీసులో మా టీమ్ లీడర్‌కి కూడా అంత భయపడలేదు నేను. ఒకసారి మధ్యలో ఫోన్ మోగితే కొంగులోంచే “ఆమె బ్రిడ్జి మీదున్నది, ఆగుండ్రి” అని చెప్పింది. కాల్ ఎత్తకుండానే! వెనకాల వస్తున్న అబ్బాయి నవ్వాపుకోలేక రెయిలింగ్ పట్టుకున్నాడు.

ఆ రెండు నిమిషాల్లో మాట్లాడుకునేవాళ్లం. చేతిలో ఫోన్ లేకపోతే మనిషి ఏం చేస్తాడు మరి, పక్కనున్న మనిషితో మాట్లాడతాడు. ఆవిడ తుడిచే అంతస్తులో వెయ్యి కుర్చీలున్నాయని, ఒక్కదాంట్లో కూడా ఇంతవరకు కూర్చోలేదని చెప్పింది. మోకాళ్ల నొప్పులు. నలభై ఏళ్లుగా బరువులు మోసిన మోకాళ్లవి. అప్పుడు గానీ నాకు తట్టలేదు: రెండు నిమిషాలు నా పాతికేళ్ల మోకాళ్లకి. ఆవిడకి నాలుగు. ఒక్కో మెట్టుకీ రెయిలింగ్ పట్టుకుని ఎక్కేది. అయినా ఒక్కరోజు కూడా పట్టాల వైపు చూసేది కాదు.

“మరి నీకు కష్టం కదా పెద్దమ్మా?” అంటే ఒక్కటే మాట. “కష్టమైతది. ఐతే ఏంది?”

పట్టాల మీద ఆవిడకి ఎవరైనా పోయారేమో, అందుకే అంత జాగ్రత్తేమో అని అడుగుదామనుకున్నాను ఒకసారి. అడగలేదు. సినిమాల్లో అయితే అలాంటి కథ ఉంటుంది. అసలు ఒక మనిషి ఇంకో మనిషి బ్యాగు పట్టి లాగడానికి వెనకాల కథ ఉండాలా?

అడగని నంబరు

2019 నవంబర్ 11. పొద్దున పదిన్నర ప్రాంతంలో ఆఫీసులో అందరి ఫోన్లు ఒకేసారి మోగాయి. కాచిగూడలో ఎంఎంటీఎస్, హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నాయి. లోకల్ నడిపే లోకో పైలట్ క్యాబిన్‌లో ఇరుక్కుపోయారు. గంటల తరబడి కష్టపడి బయటికి తీశారు గానీ, తర్వాత ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. ఆ బండి లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వైపు వెళ్తోంది. మా పొద్దుటి బండి కాదు. అయినా ఆ రోజు పొద్దున పెద్దమ్మ రాలేదు. సెలవేమో, ఊరెళ్లిందేమో, ఆలస్యంగా బయల్దేరిందేమో. ఆవిడది యాకుత్‌పురా. కాచిగూడ మీదుగానే రావాలి.

ఫోన్ చేద్దామని చూస్తే నా దగ్గర నంబరు లేదు. పేరు కూడా లేదు. నాలుగు నెలలుగా నా ఫోన్ ఆవిడ కొంగులో రోజూ రెండు నిమిషాలు ఉంది. ఆవిడ నంబరు మాత్రం నా ఫోన్‌లో లేదు.

రెండ్రోజుల తర్వాత మెట్ల దగ్గర కనపడింది. జ్వరమట. నా ప్రాణం లేచొచ్చింది. సంతోషంతో ఏదేదో మాట్లాడేశాను. నంబరు అడగడం మర్చిపోయాను. రేపు అడుగుదాం అనుకున్నాను. రోజూ కనపడే మనిషిని నంబరు అడగడానికి తొందరేముంది?

2020 మార్చి. జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ఎంఎంటీఎస్ బండ్లు ఆగిపోయాయి. నాకు ల్యాప్‌టాప్ ఇచ్చి ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. జనగామ వెళ్లిపోయాను. హౌస్‌కీపింగ్ పనికి ఇంటి నుంచి చేసే పద్ధతి లేదు కదా. ఆఫీసులు ఖాళీ అయ్యాక ఆ వెయ్యి కుర్చీలు ఎవరు తుడిచారో, ఆవిడకి జీతం వచ్చిందో లేదో, అయిదు రూపాయల టికెట్టు లేకుండా యాకుత్‌పురా నుంచి ఆ చివరికి ఎలా వెళ్లిందో నాకు తెలియదు. బండ్లు మళ్లీ మొదలైంది 2021 జూన్ 23న. పదిహేను నెలలు. క్యాబులు, సొంత బండ్లు ఉన్నవాళ్లకి అది పెద్ద వార్త కాదు. నెలకి కొన్ని వందల పాస్ మీద బతుకు లెక్కేసుకున్నవాళ్లకి అది చాలా పెద్ద ఖాళీ.

2022లో ఆఫీసు మళ్లీ రమ్మంది. మొదటి రోజే ఎఫ్ఎల్ ఎక్కి తలుపు దగ్గర రెండో సీటు చూశాను. కాలేజీ అమ్మాయి కూర్చుని ఉంది. సాయంత్రం మెట్ల దగ్గర పావుగంట నిలబడ్డాను. వారమంతా నిలబడ్డాను. చివరికి లేడీస్ డబ్బాలో పాత బుర్ఖా అక్క కనపడితే అడిగాను. “వో సద్ది డబ్బా అమ్మా? బిడ్డ దగ్గరికి నల్లగొండ పోయిందంట” అంది. ‘అంట’ మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో అంత పెట్టుకున్నాను. పేరు తెలుసా అంటే అక్క కాసేపు ఆలోచించింది. “పేరా? హమ్ తో అమ్మా బోల్తే థే” అంది.

ఇప్పటి సంగతి

ఇప్పుడు లేడీస్ డబ్బా మారింది. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు కాబట్టి కొందరు అటు మళ్లారు. మెట్రో ఉంది. ఎంఎంటీఎస్ కూడా పెరిగింది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు, 2024 మార్చిలో సనత్‌నగర్–మౌలాలి మీదుగా ఘట్‌కేసర్ దాకా బండ్లు వచ్చాయి. టికెట్టు ఫోన్‌లోనే తీసుకుంటున్నాం. అన్నీ ఫోన్‌లోనే. అదే నా భయం కూడా.

పోయిన నెలలో ఒక సాయంత్రం. అదే ప్లాట్‌ఫాం, అదే అంచు. ఇరవై ఏళ్లుంటాయేమో, ఒక అబ్బాయి, చెవుల్లో బడ్స్, చేతిలో ఫోన్, ఒక కాలు కిందికి దించాడు. నేను బ్యాగు పట్టి లాగలేదు, అంత ధైర్యం నాకు లేదు. భుజం తట్టాను. ఒక బడ్ తీసి చూశాడు.

“బ్రిడ్జి ఉంది కదా తమ్ముడూ.”

“బండి వచ్చేస్తోంది అక్కా, అందదు.”

“పోతే అరగంట కూర్చుందాం. నా దగ్గర బిస్కెట్లున్నాయి.”

అతను నన్ను వింతగా చూశాడు. బడ్ మళ్లీ పెట్టుకుని దిగి దాటేశాడు. అటు నుంచి ఏ బండీ రాలేదు. క్షేమంగా అవతల ఎక్కాడు, తన బండి అందుకున్నాడు. ఇదే అసలు సమస్య. తొంభై తొమ్మిది సార్లు ఏమీ కాదు. ఆ తొంభై తొమ్మిది సార్లే మనకి ధైర్యం నేర్పుతాయి.

నేను మెట్లెక్కాను. నా బండి పోయింది. అవతల బెంచీ మీద కూర్చుని బిస్కెట్లు తిన్నాను. మరుసటి వారం అదే అబ్బాయి మెట్ల మీద ఎదురయ్యాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ఆ ఒక్కరోజే ఎక్కాడో, రోజూ ఎక్కుతున్నాడో తెలియదు. నేను మాత్రం మెట్ల మొదట్లో ఒక్క క్షణం ఆగి చూసే అలవాటు మానుకోలేదు. రెండు కారణాలకి. ఒకటి ఆ అబ్బాయి. రెండోది మీకు తెలుసు.

సలహాలు చెప్తే మీకు చిరాకని తెలుసు. అయినా రెండు. మొదటిది: రోజూ మీతో ప్రయాణం చేసే మనుషుల్లో ఒక్కరి పేరు ఈ వారం అడగండి. బండిలోనో, బస్సులోనో, ఆఫీసు లిఫ్టులోనో. రేపు అడుగుదాం అనుకోకండి. నాలా ‘పెద్దమ్మ’ అన్న ఒక్క మాటతో నల్లగొండ జిల్లా అంతా వెతకలేరు.

రెండోది: మీరు ఈ కాలమ్ ఏదో ఒక స్టేషన్‌లో, మెట్ల దగ్గర నిలబడి చదువుతూ ఉంటే, ఇక్కడితో ఆపేయండి. ఫోన్ బ్యాగులో వేసుకోండి. బ్రిడ్జి దిగినంక తీసుకోవచ్చు.